కొత్తగా సొంత పని పెట్టుకున్నవాళ్లకు ప్రభుత్వ సాయం ఎందుకు అందలేదు: బ్రిటన్ అనుభవం

2019 మే నెలలో ఉద్యోగం మానేసి లెస్టర్‌లో పెళ్లిళ్ల ఫొటోగ్రఫీ మొదలుపెట్టిన ఒక మనిషిని ఊహించుకుందాం. పన్నుల శాఖ హెచ్‌ఎమ్‌ఆర్‌సీ దగ్గర స్వయం ఉపాధి కింద పేరు నమోదు చేయించుకున్నాడు, పన్ను కట్టేవాళ్లను గుర్తించే పది అంకెల యూటీఆర్ నంబర్ వచ్చింది, అప్పు చేసి కెమెరాలు కొన్నాడు, బుకింగ్‌లు మెల్లగా పెరుగుతున్నాయి. 2020 మార్చి 23న లాక్‌డౌన్ వచ్చింది, పెళ్లిళ్లన్నీ ఆగిపోయాయి, అడ్వాన్సులు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. మూడు రోజుల తర్వాత అప్పటి ఆర్థికమంత్రి రిషి సునాక్ స్వయం ఉపాధి వాళ్లకు ఊరటనిచ్చేలా ఒక ఆదాయ సాయం పథకం ప్రకటించారు. పథకం పేరు సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ఇన్‌కమ్ సపోర్ట్ స్కీమ్. అందులో మొదటి ఏడాది ఈ ఫొటోగ్రాఫర్‌కి ఒక్క పౌండు కూడా రాలేదు. అతను చేయాల్సినవన్నీ చేశాడు. పని మొదలుపెట్టిన తేదీ ఒక్కటే అడ్డొచ్చింది.

పథకం ఎలా నడిచిందో ముందు చూద్దాం. మొదటి విడతలో గత సంవత్సరాల వ్యాపార లాభం సగటు తీసి, అందులో 80 శాతం చొప్పున మూడు నెలల మొత్తాన్ని ఒకేసారి ఇచ్చారు, పరిమితి 7,500 పౌండ్లు. 2020 మే 13న క్లెయిములు మొదలయ్యాయి, ఆన్‌లైన్‌లో నాలుగు వివరాలు ఇస్తే కొద్ది రోజుల్లో డబ్బు ఖాతాలో పడింది. ఇంత వేగంగా ఇవ్వగలగడానికి కారణం హెచ్‌ఎమ్‌ఆర్‌సీ దగ్గర అప్పటికే లెక్కలు ఉండటం. ఎవరు అర్హులో, ఎంత వస్తుందో వాళ్లే లెక్కేసి ముందే చెప్పేశారు. మొత్తం ఐదు విడతల్లో దాదాపు 29 లక్షల మందికి 2,800 కోట్ల పౌండ్లకు పైగా వెళ్లింది. ఇది చిన్న విషయం కాదు, చాలా ఇళ్లను నిలబెట్టింది. కానీ ఆ వేగానికి ఆధారమైన పాత లెక్కే కొత్తవాళ్లను బయట పెట్టింది.

బ్రిటన్‌లో పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలై తర్వాతి ఏప్రిల్ 5న ముగుస్తుంది. ఆ సంవత్సరం రిటర్న్‌ని ఆ తర్వాత వచ్చే జనవరి 31 లోపు ఆన్‌లైన్‌లో వేయాలి. అంటే 2019 మేలో పని మొదలుపెట్టినవాళ్ల మొదటి రిటర్న్‌కి గడువు 2021 జనవరి 31. లాక్‌డౌన్ వచ్చిన రోజుకి వాళ్ల మొదటి పన్ను సంవత్సరం ఇంకా పూర్తి కూడా కాలేదు, కావాలనుకున్నా రిటర్న్ వేయడానికి వీల్లేదు. పథకం మాత్రం 2018-19 రిటర్న్ అడిగింది. లేని సంవత్సరానికి రిటర్న్ ఎక్కడి నుంచి తెస్తారు?

ఇక్కడ బాధ కలిగించే సంగతి ఇంకోటి ఉంది. 2018-19 రిటర్న్‌కి అసలు గడువు 2020 జనవరి 31. ఆ గడువు దాటేసినవాళ్ల కోసం సునాక్ ప్రకటనలోనే నాలుగు వారాల వెసులుబాటు ఇచ్చారు, ఏప్రిల్ 23 లోపు వేస్తే చాలన్నారు. వాళ్లకు ఆ అవకాశం ఇవ్వడం మంచిదే, ఆ పరిస్థితిలో ఎవరినీ శిక్షించకూడదు. కానీ రిటర్న్ ఆలస్యం చేసినవాళ్ల కోసం నిబంధన వంగింది, గడువే రానివాళ్ల కోసం వంగలేదు. ఈ తేడాకి సరైన కారణం దొరకదు.

2019 ఏప్రిల్‌కి కొంచెం ముందు మొదలుపెట్టినవాళ్ల సంగతి కూడా అంత బాగా లేదు, దీని గురించి తక్కువ మందే మాట్లాడారు. పథకంలో రెండు షరతులు కలిసి వాళ్లను దెబ్బకొట్టాయి. మొదటిది, మొత్తం ఆదాయంలో కనీసం సగం వ్యాపార లాభం నుంచే రావాలి. 2018 డిసెంబర్ దాకా ఉద్యోగం చేసి 24,000 పౌండ్ల జీతం తీసుకుని, జనవరి నుంచి మార్చి దాకా సొంత పనిలో 6,000 సంపాదించినవాళ్లు ఈ లెక్కలో ఉద్యోగులు, స్వయం ఉపాధి వాళ్లు కాదు. 2020 నాటికి వాళ్లకు ఆ ఉద్యోగం లేకపోయినా, వచ్చే ప్రతి పౌండూ సొంత పని నుంచే వస్తున్నా సరే. రెండోది, లాభాన్ని పని చేసిన నెలలతో కాకుండా పూర్తి పన్నెండు నెలలతో భాగించారు. 2018 అక్టోబర్‌లో మొదలుపెట్టి ఆరు నెలల్లో 9,000 లాభం చూపినవాళ్ల నిజమైన సంపాదన నెలకు 1,500. పథకం లెక్కలో అది 750 అయింది, అందులో 80 శాతం అంటే నెలకు 600. సరిగ్గా లెక్కేస్తే 1,200 రావాలి. మొదలుపెట్టిన తేదీ ఎప్పుడన్నది రిటర్న్‌లోనే ఒక గడిలో ఉంటుంది, దాన్ని తీసి నెలలు లెక్కపెట్టడం కంప్యూటర్‌కి పెద్ద పని కాదు.

ప్రభుత్వం చెప్పిన కారణం, మోసాలు జరుగుతాయన్న భయం. పథకం ప్రకటించాక ఎవరైనా 2019-20లో పని చేశామని దొంగ రిటర్న్ వేసి డబ్బు లాగేయొచ్చు, దాన్ని ఆపాలంటే ప్రకటనకు ముందే ఉన్న లెక్కల మీదే ఆధారపడాలి అన్నది వాదన. ఇందులో నిజం ఉంది. కోవిడ్ పథకాల్లో మోసాలు జరిగాయి, వందల కోట్ల పౌండ్లు పోయాయి, ఆ భయాన్ని కొట్టిపారేయలేం. కానీ ఆ వాదనను కాస్త తరచి చూస్తే నిలబడదు.

ఎందుకంటే పాత రిటర్న్ లేకపోయినా వెనక్కి జరపలేని తేదీలు వేరే ఉన్నాయి. హెచ్‌ఎమ్‌ఆర్‌సీ దగ్గర పేరు నమోదైన రోజు వాళ్ల కంప్యూటర్‌లోనే ఉంటుంది. 2019 జూన్‌లో నమోదైన మనిషి 2020 మార్చిలో వచ్చే మహమ్మారిని ముందే ఊహించి మోసం ప్లాన్ చేశాడని ఎవరూ అనరు. లాక్‌డౌన్‌కి ముందు నమోదైనవాళ్లను విడిగా తీసి, వాళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు అడిగి, అవసరమైతే తక్కువ మొత్తమే ఇచ్చి, తర్వాత రిటర్న్ వచ్చాక సరిచూసుకోవచ్చు. నమోదుకి గడువు పన్ను సంవత్సరం ముగిశాక వచ్చే అక్టోబర్ 5 కాబట్టి కొందరు అప్పటికి నమోదు కాకపోయి ఉండొచ్చు, వాళ్ల సంగతి కష్టమే. ఆ కారణంతో నమోదైనవాళ్లను కూడా ఆపేయడం మాత్రం సరికాదు.

అసలు ఆ ప్రభుత్వమే ఇంకో చోట ఇంతకంటే చాలా తక్కువ రుజువుతో డబ్బు ఇచ్చింది. 2020 మే 4న బౌన్స్ బ్యాక్ లోన్లు మొదలయ్యాయి, 50,000 పౌండ్ల దాకా, నూటికి నూరు శాతం ప్రభుత్వ పూచీ మీద. దరఖాస్తు చేసేవాళ్లు తమ టర్నోవర్ ఎంతో తామే చెప్పి సంతకం పెడితే చాలు. 2020 మార్చి 1కి వ్యాపారం ఉంటే సరిపోతుంది, 2019 జనవరి 1 తర్వాత మొదలైన వ్యాపారమైతే సంవత్సర టర్నోవర్‌ని అంచనా వేసి రాసుకోవచ్చు. ఇలా దాదాపు 4,700 కోట్ల పౌండ్లు అప్పుగా వెళ్లాయి. అంటే పైన చెప్పిన ఫొటోగ్రాఫర్ తన టర్నోవర్ అంచనా వేసి అప్పు తీసుకోవడానికి అర్హుడే. అదే అంచనా మీద, అదే మనిషి, అదే వ్యాపారానికి సాయం అడిగితే కాదు. మోసం భయమే అసలు కారణమైతే ముందు అప్పుల దగ్గర కనిపించాలి. కొత్తగా పని పెట్టుకుని అప్పటికే అప్పుల్లో ఉన్నవాళ్లకు ప్రభుత్వం చూపిన దారి ఇంకో అప్పు.

బ్రిటన్‌లోనే వేరే ప్రభుత్వాలు ఏం చేశాయో చూస్తే ఇది అసాధ్యమైన పని కాదని తెలుస్తుంది. స్కాట్లాండ్ 2020 ఏప్రిల్ చివర్లోనే, అంటే అసలు పథకంలో క్లెయిములు మొదలవకముందే, కొత్త స్వయం ఉపాధి వాళ్ల కోసం విడిగా నిధి పెట్టి 2,000 పౌండ్ల చొప్పున స్థానిక కౌన్సిళ్ల ద్వారా ఇచ్చింది. 2021లో మళ్లీ తెరిచి 4,000 ఇచ్చింది. వేల్స్ 2020 జూన్‌లో 2,500 పౌండ్ల స్టార్టప్ గ్రాంట్ పెట్టింది, అది 2019 ఏప్రిల్ 1 నుంచి 2020 మార్చి 1 మధ్య మొదలుపెట్టినవాళ్ల కోసమే. ఉత్తర ఐర్లాండ్ ఆలస్యంగానైనా 2020 డిసెంబర్‌లో 3,500 ఇచ్చింది. ఇవేమీ పెద్ద మొత్తాలు కావు, 7,500తో పోలిస్తే చాలా తక్కువ. అయినా ఈ మనుషులు ఉన్నారని ఒప్పుకున్నారు, వాళ్లను గుర్తించే పద్ధతి ఒకటి కనిపెట్టారు. లండన్‌లోని ఆర్థికశాఖ, అంటే ట్రెజరీ కంటే ఎంతో తక్కువ సిబ్బంది, తక్కువ డబ్బు ఉన్న ప్రభుత్వాలు చేయగలిగిన పని అది.

ఇంగ్లండ్‌లో అలాంటి విడి నిధి లేదు. కౌన్సిళ్లకు కొంత డబ్బు ఇచ్చి మీ విచక్షణ మేరకు పంచండి అన్నారు. కానీ 2020 వేసవిలో ఇచ్చిన మొదటి నిధిలో దుకాణం అద్దె లాంటి స్థిర ఖర్చులు ఉన్నవాళ్లకే ప్రాధాన్యం. ఇంట్లోంచో వ్యాన్‌లోంచో పని చేసేవాళ్లు, అంటే కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో చాలామంది, దాని నుంచి కూడా జారిపోయారు. తర్వాత వచ్చిన నిధుల్లో కొంత నయం, కానీ ఒక కౌన్సిల్‌లో వచ్చేది పక్క కౌన్సిల్‌లో రాదు, వీధి మారితే ఫలితం మారిపోయే పరిస్థితి.

2020 జూన్‌లోనే పార్లమెంట్ ట్రెజరీ కమిటీ సాయంలో ఖాళీల మీద ఒక నివేదిక ఇచ్చింది. కొత్త స్వయం ఉపాధి వాళ్లు, కంపెనీ డైరెక్టర్లు, చిన్న కాంట్రాక్టుల మీద పనిచేసేవాళ్లు కలిపి పది లక్షల మందికి పైగా తప్పిపోయారని తేల్చి, సరిచేయమని కోరింది. దాని అధ్యక్షుడు మెల్ స్ట్రైడ్ అప్పటి అధికార పార్టీ ఎంపీయే, అంటే ఇది ప్రతిపక్షం గొడవ అని పక్కన పెట్టదగ్గది కూడా కాదు. అయినా రెండో విడత, మూడో విడత పాత షరతుల మీదే నడిచాయి. 2020 నవంబర్‌లో మూడో విడత మొదలయ్యేనాటికి 2019-20 రిటర్న్ వేసే వీలు వచ్చి ఏడు నెలలైంది, చాలామంది వేసేశారు కూడా. హెచ్‌ఎమ్‌ఆర్‌సీ దగ్గర కాగితం ఉంది, పథకం దాన్ని చూడనంది.

చివరికి 2021 మార్చి 3 బడ్జెట్‌లో మార్పు వచ్చింది. అంతకుముందు రోజు అర్ధరాత్రి లోపు 2019-20 రిటర్న్ వేసినవాళ్లు నాలుగు, ఐదు విడతలకు అర్హులని ప్రకటించారు, కొత్తగా ఆరు లక్షల మందికి పైగా దీనివల్ల అర్హత వస్తుందని చెప్పారు. మంచి నిర్ణయమే, కానీ ఏడాది ఆలస్యంగా వచ్చింది. వెనకటి మూడు విడతల డబ్బు ఇవ్వలేదు. ఒక్కో మనిషికి గరిష్ఠంగా చూస్తే 7,500, 6,570, మళ్లీ 7,500, మొత్తం 21,570 పౌండ్లు. చాలామందికి ఇంత వచ్చేది కాదు, ఎందుకంటే సగటు లాభాలు అంత ఉండవు, కానీ అందులో సగం వచ్చినా ఏడాది ఇంటి అద్దె గడిచేది. ఆ ఏడాదిలో కొందరు ఆ పని పూర్తిగా మూసేసి వేరే ఉద్యోగాల్లో చేరిపోయారు. అలా పని ఆపేసినవాళ్లు నాలుగో విడతకూ అనర్హులే, ఎందుకంటే వ్యాపారం కొనసాగుతూ ఉండాలన్నది షరతు. ఇక 2020 ఏప్రిల్ తర్వాత మొదలుపెట్టినవాళ్లకైతే ఐదు విడతల్లో ఎందులోనూ చోటు దొరకలేదు.

కెనడా వేరే దారి పట్టింది. అక్కడ నాలుగు వారాలకు 2,000 కెనడా డాలర్ల అత్యవసర సాయం ఇచ్చారు, షరతు ఏమిటంటే 2019లో గానీ, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలల్లో గానీ కనీసం 5,000 డాలర్లు సంపాదించి ఉండాలి. ఆ రెండో వెసులుబాటే కొత్తవాళ్లను కాపాడింది. వాళ్ల మాట నమ్మి ముందు డబ్బిచ్చారు, తర్వాత తనిఖీ చేశారు. అందులోనూ తలనొప్పులు వచ్చాయి. 5,000 అంటే ఖర్చులు పోనా, పోకముందా అన్నది మొదట్లో స్పష్టంగా చెప్పకపోవడంతో స్వయం ఉపాధి వాళ్లు చాలామంది తర్వాత తిరిగి కట్టాలన్న ఉత్తరాలు చూసి హడలిపోయారు, 2021 ఫిబ్రవరిలో ప్రభుత్వం వెనక్కి తగ్గి ఖర్చులు పోకముందు లెక్కను ఒప్పుకుంది. ముందు ఇచ్చి తర్వాత చూసే పద్ధతిలో ఈ టెన్షన్ ఉంటుంది. కానీ ఇంట్లో బియ్యం ఉండగా పడే టెన్షన్ వేరు, లేనప్పుడు పడే టెన్షన్ వేరు.

బ్రిటన్‌లో పథకం అందనివాళ్లందరికీ అధికారులు చెప్పిన మాట ఒకటే, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే భత్యం యూనివర్సల్ క్రెడిట్‌కి వెళ్లండి అని. దాని తీరు వేరు. అది మనిషికి కాదు, కుటుంబానికి లెక్కేస్తారు. భార్యకో భర్తకో ఓ మాదిరి జీతం ఉంటే ఏమీ రాదు, ఇద్దరి సేవింగ్స్ కలిపి 16,000 పౌండ్లు దాటితే అసలే రాదు. ఇంటి డిపాజిట్ కోసం ఏళ్ల తరబడి కూడబెట్టినవాళ్లు దాన్ని తినేసి అప్పుడు రావాలి. మొదటి డబ్బు చేతికి రావడానికి ఐదు వారాలు. 2020లో పాతికేళ్లు దాటిన ఒంటరి మనిషికి మూల భత్యం నెలకు 409 పౌండ్ల 89 పెన్స్, అదీ కోవిడ్ కోసం పెంచాక. పక్కింటి పాత ఫొటోగ్రాఫర్‌కి మూడు నెలలకు 7,500 వరకు వస్తుంటే కొత్త ఫొటోగ్రాఫర్‌కి ఇది.

మహమ్మారి పోయింది, ఆ స్వయం ఉపాధి పథకం 2021 సెప్టెంబర్‌తో ముగిసింది, కానీ కొత్తగా సొంత పని మొదలుపెట్టేవాళ్ల ఇబ్బంది మాత్రం పోలేదు. ఇప్పుడు వాళ్లకు ముఖ్యంగా ఉన్నది యూనివర్సల్ క్రెడిట్. నిరుద్యోగులు సొంత వ్యాపారం మొదలుపెట్టడానికి వారం వారం కొంత డబ్బిచ్చే న్యూ ఎంటర్‌ప్రైజ్ అలవెన్స్ అనేది ఉండేది, 26 వారాల్లో మొత్తం 1,274 పౌండ్లు వచ్చేవి, 2022 జనవరి నుంచి అందులో కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశారు.

యూనివర్సల్ క్రెడిట్‌లో ముందు ఒక ఇంటర్వ్యూ ఉంటుంది. మీ పని క్రమబద్ధంగా ఉందా, లాభం వచ్చే ఆశ ఉందా, అదే మీ ముఖ్యమైన పనా అని చూస్తారు. ఇన్‌వాయిస్‌లు, యూటీఆర్, వ్యాపార ప్రణాళిక అడుగుతారు. కాదని తేలితే ఉద్యోగం వెతుక్కోవాలి, వారానికి ఇన్ని గంటలు వెతికానని చూపించాలి, దాంతో సొంత పనికి సమయం పోతుంది. అవునని తేలితే 12 నెలల స్టార్టప్ కాలం ఇస్తారు. ఆ పన్నెండు నెలలూ నిజంగా సంపాదించినదాని మీదే లెక్క. ఆ తర్వాత మినిమమ్ ఇన్‌కమ్ ఫ్లోర్ అనే నిబంధన వచ్చి పడుతుంది. అసలు కొత్తవాళ్ల కష్టం ఇక్కడే.

ఆ నిబంధన ప్రకారం మీరు ఎంత సంపాదించారన్నదానితో పని లేదు, కనీస వేతనం మీద వారానికి 35 గంటలు పనిచేస్తే ఎంత వస్తుందో అంత వచ్చిందనే అనుకుంటారు. 2025-26లో గంటకు 12 పౌండ్ల 21 పెన్స్ లెక్కన అది పన్ను తీయకముందు నెలకు దాదాపు 1,850 అయింది. పిల్లలు చిన్నవాళ్లయితే, ఆరోగ్యం బాగోకపోతే గంటలు తగ్గిస్తారు, మిగతావాళ్లకు ఇంతే. ఈ నెల నిజంగా 700 వచ్చినా, పన్ను తీశాక ఆ ఫ్లోర్ మొత్తం వచ్చినట్టే భత్యంలో కోత పడుతుంది. వచ్చే నెల 3,000 వస్తే మాత్రం 3,000 మీదే కోత, గత నెల తగ్గినదాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. జీతగాడికి లేని ఈ బాధ సీజన్ ఉన్న పనుల్లో, పెళ్లిళ్ల సీజన్, క్రిస్మస్ సీజన్ మీద బతికే పనుల్లో, మరీ ఎక్కువ. వ్యాపారం నిలదొక్కుకోవడానికి పన్నెండు నెలలు చాలవని ఏ చిన్న వ్యాపారిని అడిగినా చెబుతారు. ఒకసారి ఈ వెసులుబాటు వాడుకున్నాక, ఐదేళ్లు దాటితే తప్ప, అదీ వేరే రకం వ్యాపారానికైతే తప్ప, మళ్లీ ఇవ్వరు. ఈ ఫ్లోర్ కోవిడ్ సమయంలో ఆపేశారు, 2021 ఆగస్టు నుంచి తిరిగి తెచ్చారు.

రెండు పథకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఒకటి గతంలో సంపాదించిన కాగితం లేదని కాదంది, ఇంకోటి సంపాదించని డబ్బు సంపాదించావని అంటోంది. ఈ నెల చేతికి ఎంత వచ్చిందన్న ప్రశ్న రెండిట్లోనూ గట్టిగా అడగరు. జీతగాళ్ల విషయంలో యజమాని ప్రతి నెలా హెచ్‌ఎమ్‌ఆర్‌సీకి జీతం వివరాలు పంపుతాడు కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది. సొంత పనివాళ్లకు అలాంటిది లేదు.

బ్రిటన్‌లోని తెలుగు కుటుంబాలకు ఇందులో రెండు రకాలుగా సంబంధం ఉంది. రెడింగ్, స్లౌ వైపు ఉండే ఐటీ కాంట్రాక్టర్లు చాలామంది సొంత లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని, నెలకు 700 పౌండ్ల ప్రాంతంలో జీతం, మిగతాది డివిడెండ్ కింద తీసుకునేవారు. చట్టం ప్రకారం వాళ్లు తమ కంపెనీలో ఉద్యోగులు, కాబట్టి స్వయం ఉపాధి పథకం వర్తించలేదు. పని ఆగిన ఉద్యోగుల జీతంలో కొంత ప్రభుత్వం ఇచ్చే ఫర్లో పథకం కింద ఆ చిన్న జీతంలో 80 శాతం, అంటే 560 పౌండ్ల చుట్టూ వచ్చింది, అదీ ఆ కంపెనీ కోసం సంపాదించే పని ఏదీ చేయకూడదన్న షరతుతో. రెండో రకం, వర్క్ వీసా మీద వచ్చినవాళ్ల భార్యలు, భర్తలు. డిపెండెంట్ వీసాలో స్వయం ఉపాధికి సాధారణంగా అనుమతి ఉంటుంది, కాబట్టి ట్యూషన్లు చెప్పేవాళ్లు, ఇంటి నుంచి వంట చేసి అమ్మేవాళ్లు, మేకప్, మెహందీ పనులు చేసేవాళ్లు ఎక్కువగా వీళ్లే. వీళ్ల వీసా మీద ప్రభుత్వ నిధులు తీసుకోకూడదన్న షరతు ఉంటుంది, అంటే యూనివర్సల్ క్రెడిట్ దారి పూర్తిగా మూసుకుపోయినట్టే. కోవిడ్ నాటి స్వయం ఉపాధి పథకాన్ని మాత్రం ప్రభుత్వ నిధుల కింద లెక్కపెట్టలేదు, వర్క్ వీసాల మీద ఉన్నవాళ్లూ క్లెయిమ్ చేసుకోవచ్చని మార్గదర్శకాల్లోనే రాశారు. వీసా పోతుందేమోనన్న భయం ఉన్న ఇళ్లకు ఈ ఒక్క వాక్యం ఎంతో ముఖ్యమైనది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకు స్వయం ఉపాధే నిషేధం, స్వయం ఉపాధి లెక్కన చేసే ఫుడ్ డెలివరీ కూడా అందులోకే వస్తుంది, ఈ తప్పు చేసి ఇబ్బంది పడకూడదు.

2026 ఏప్రిల్ నుంచి మేకింగ్ ట్యాక్స్ డిజిటల్ అనే డిజిటల్ పన్ను లెక్కల విధానం కింద 50,000 పౌండ్లకు పైగా వ్యాపార, అద్దె రాబడి ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి లెక్కలు పంపాలి, 2027లో ఆ పరిమితి 30,000కు, 2028లో 20,000కు దిగుతుంది. ఇలా తాజా లెక్కలు వస్తే ఇంకోసారి సంక్షోభం వచ్చినప్పుడు సాయం సులువవుతుందని కొందరి ఆశ. కానీ ఎవరు ఈ పద్ధతిలోకి రావాలన్నది కూడా అంతకుముందు వేసిన రిటర్న్ చూసే నిర్ణయిస్తారు. 2026లో మొదలయ్యేవాళ్లను 2024-25 రిటర్న్ చూసి ఎంచారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మళ్లీ బయటే ఉంటారు.

ఈలోగా కొత్తవాళ్లు తమ చేతుల్లో ఉన్నవి చేసుకోవడం మంచిది. అక్టోబర్ 5 దాకా ఆగకుండా పని మొదలైన వారంలోనే నమోదు చేయించుకోవాలి, ఎందుకంటే ఆ తేదీని తర్వాత ఎవరూ కాదనలేరు. వ్యాపారానికి విడిగా బ్యాంకు ఖాతా ఉండాలి. ఏప్రిల్ 6 రాగానే రిటర్న్ వేసేయాలి, ముందు వేసినంత మాత్రాన పన్ను ముందు కట్టక్కర్లేదు, కట్టడానికి జనవరి 31 దాకా గడువు ఉంటుంది. 2021 మార్చి 2 అర్ధరాత్రి గడువు ముందే చెప్పి పెట్టింది కాదు, మర్నాడు బడ్జెట్‌లో ప్రకటించాకే అందరికీ తెలిసింది, అప్పటికి రిటర్న్ వేసి ఉన్నవాళ్లకే డబ్బు వచ్చింది. యూనివర్సల్ క్రెడిట్ మీద ఉన్నవాళ్లు పదకొండో నెలలోనే తమ క్లెయిమ్ చూసే అధికారి, అంటే వర్క్ కోచ్‌తో మాట్లాడి, పిల్లల వయసు, ఆరోగ్యం, చూసుకోవాల్సిన పెద్దవాళ్లు లాంటివి గంటల లెక్కలో తీసుకున్నారో లేదో అడగాలి, ఆ గంటలు తగ్గితే ఫ్లోర్ కూడా తగ్గుతుంది. ట్రెజరీ చేయాల్సిన పని కూడా ఒకటి ఉంది, నమోదు తేదీ, బ్యాంకు స్టేట్‌మెంట్, పని చేసిన నెలల సగటు ఆధారంగా కొత్తవాళ్లకు ఎలా ఇవ్వాలో ఇప్పుడే నిబంధనలు రాసి పెట్టుకోవడం. 2020 మార్చిలో అధికారులకు దొరికినవి కొద్ది రోజులే, ఇప్పుడు సమయం ఉంది.